పద్నాలుగో గడి

నౌపడ,
9-8-2015, ఆదివారం.

తమ్ముడు సీమోనుకి అప్ప ఏసమ్మ వందనాలు. నిన్నూ, మరదలు ప్రిస్కిల్లానీ చల్లగా చూడమని ప్రభువుని రోజూ మోకాళ్ళ మీద అడుగుతున్నాను.

ఫోన్ చెయ్యడం లేదని అలగకు. గురువారం ఉప్పుమడి గట్టు మీద కాలు జారి కాలవలో పడ్డాను. నాకు మోకాలు గీరుకుపోయింది, అంతే. ఫోనుకి మాత్రం ప్రాణం పోయింది. టెక్కలి తీసుకెళ్తే షాపాయన మూత విప్పి చూసి, "ఉప్పు తినీసినాదమ్మా, ఇంక పాతీసుకోడమే" అన్నాడు. అందుకని కవరు కొని, ఇదిగో, కలం పట్టాను.

ఎన్నేళ్ళయిందో ఉత్తరం రాసి! మాట్లాడినట్టు రాస్తే మిషన్ స్కూల్లో కరుణమ్మ టీచరు స్కేలు తిరగేసి వేళ్ళ మీద కొట్టేది. ఆ భయం ఇంకా పోలేదు, చూడు ఎంత బుద్ధిగా రాస్తున్నానో. ఆ స్కూలు వెనక జామచెట్టు గుర్తుందా? కాయలు ఇద్దరం కోశాం, ఇద్దరం తిన్నాం. టీచరు ఇంకా నోరు తెరిచి అడగనైనా లేదు, నువ్వు చెయ్యెత్తి, "మేమే కోసినాం టీచర్" అన్నావు. నువ్వు చిన్నోడివని వదిలేసింది. దెబ్బలన్నీ నేను తిన్నాను. అమ్మ పోయాక నీకు అన్నం కలిపి పెట్టి పెంచాను గానీ, అబద్ధం ఆడటం మాత్రం నేర్పించలేకపోయాను.

అసలు సంగతికి వస్తాను. గంగరాజు బయటకొస్తున్నాడట.

వాడి తల్లి అసిరమ్మ నిన్న వీధంతా తిరిగి బెల్లం పంచింది. నా గుమ్మం దగ్గరకొచ్చేసరికి గిన్నె కొంగు కింద దాచుకుని, తల దించుకుని పోయింది. ఏమిటా అనుకున్నాను. పక్కింటి కూర్మమ్మ వచ్చి చెప్పింది. "ఏసమ్మొదినా, ఆడి పేరు జాబితాలో ఉన్నాదంట. జైల్లో బుద్ధిగా ఉన్నాడని శిచ్చ తీరకముందే ఒగ్గేస్తారంట. సికాకోలు నుంచి ఎవులో ఆఫీసరమ్మ వస్తాది, ఊరోళ్ళందర్నీ అడుగుతాది" అంది.

బుద్ధిగానట! పదకొండేళ్ళ కిందట ఏప్రిల్లో, అకాల వాన పడ్డ మర్నాడు, వాడి మడిలో నీళ్ళు గట్టు కోసి మన మడిలోకి వదిలాడు. మన ఉప్పు కుప్పలు రెండూ కరిగిపోయాయి. నా బెన్హర్, "ఇదేటి మావా?" అని అడిగాడు. అంతే, ఇంకో మాట లేదు. పారతో తల మీద కొట్టాడు. కొట్టి, పార కడుక్కుని, టీ కొట్టుకెళ్ళి టీ తాగాడు. రెండు టీలు తాగాడని కొట్టాయనే కోర్టులో చెప్పాడు. అప్పటిదాకా నా బిడ్డ ఉప్పునీళ్ళలో బోర్లా పడి ఉన్నాడు. ఇరవై రెండేళ్ళు వాడికి. నేను తిప్పి చూసేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్పల మీద ఉప్పు కట్టింది. మీ బావ ఆ బెంగతో రెండేళ్ళు కూడా బతకలేదు.

నువ్వు ప్రొబేషన్ ఆఫీసరువి. ఎవడిని వదలొచ్చో, ఎవడిని వదిలితే ప్రమాదమో విచారించి రాసేది మీరే కదా. ఒక్క మాట రాయి తమ్ముడూ. వీడు బయటకొస్తే మళ్ళీ చంపుతాడు అని రాయి. నేను నిన్ను ఇంతవరకూ ఏమీ అడగలేదు.

కాకర పాదు బాగా కాసింది. ప్రిస్కిల్లా వస్తే కోసిస్తాను.

నీ అప్ప,
ఏసమ్మ.


విజయనగరం,
17-8-2015.

అమ్మలాంటి అప్పకి సీమోను నమస్కరించి రాస్తున్నాను.

నీ ఉత్తరం ఆఫీసుకి వచ్చింది. చేతిరాత చూసి మొదట సంతోషించాను. చదివాక మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు. సాయంత్రం ప్రిస్కిల్లా అది చూసి, షుగరు మనిషివి తినకుండా ఉంటే ఎలా అని కేకలేసింది.

అప్పా, నువ్వడిగింది నేను చెయ్యలేను. మొదటి సంగతి, నాది విజయనగరం జిల్లా. నౌపడ విచారణ శ్రీకాకుళం ఆఫీసుది. అక్కడ షాలిని అనే అమ్మాయి ఉంది, నా దగ్గరే పని నేర్చుకుంది. జాబితాలో గంగరాజు పేరు చూడగానే నేనే ఆమెకు ఫోన్ చేసి, చనిపోయినవాడు నా మేనల్లుడు, ఈ ఫైలు సంగతి నాతో మాట్లాడకు అని చెప్పేశాను. రెండో సంగతి, ఆ ఫైలు నా చేతికే వచ్చినా నేను చూడనిది రాయలేను. వాడు మళ్ళీ చంపుతాడని నాకేం తెలుసు?

మేం అడిగేది వాడు ఏం చేశాడని కాదు. అది కోర్టు ఎప్పుడో తేల్చింది. ఇకముందు ఏం చేస్తాడు, దారిలో పడాలంటే ఏం కావాలి అనేది మా పని. పద్నాలుగు గడుల కాగితం ఒకటి ఉంటుంది. తాగుడు మానాడా, కోపం వస్తే ఎలా ఉంటున్నాడు, చేతిలో పనుందా, తలదాచుకునే ఇల్లుందా, ఆదరించే మనిషుందా, ఇలా. చివరి గడి ఒకటుంది. చనిపోయినవాడి మనుషుల వల్ల ఇతని ప్రాణానికి ప్రమాదం ఉందా అని. అందులో 'ఉంది' అని పడి, దానికి రుజువు కూడా ఉంటే, మిగతా పదమూడూ ఎంత బాగున్నా ఆ ఏటికి ఫైలు మూసేస్తారు. కానీ మన ఇంట్లో ఇంకెవరున్నారు? నువ్వూ నేనూ. షాలిని 'లేదు' అని రాసుకుని పోతుంది.

మొన్న రామతీర్థం దగ్గర ఒక పల్లెకి వెళ్ళాను. తాగిన మైకంలో అన్నని పొడిచినవాడి కేసు. ఆ అన్నే వచ్చి, పొట్ట మీద కుట్లు చూపించి, "ఆడు నేకపోతే పొలం కాడ నాకెవులు తోడు బాబూ?" అన్నాడు. అదే రాశాను. అతను నా మొహాన ఉమ్మేసి ఉంటే అదీ రాసేవాణ్ణి. నా ఉద్యోగం ఇంతే అప్పా.

బెన్హర్‌ని నేను మర్చిపోయాననుకోకు. వాడికి ఈత నేర్పింది నేనే. క్షమించడం కష్టమే. ప్రార్థన చేసుకో.

నీ తమ్ముడు,
సీమోను.


నౌపడ,
26-8-2015.

ఒరే సీమోనూ,

కరుణమ్మ టీచరు సచ్చిపోయి ఇరవయ్యేళ్ళయినాది. ఇంక నన్ను కొట్టీవోలు నేరు. ఈ ఉత్తరం నాను మాటాడినట్టే రాస్తన్నాను, సదువుకో.

ఆడికి ఇల్లున్నాదా? ఆడికి పనున్నాదా? ఆడికి కోపం తగ్గినాదా? అయ్యో పాపం, ఆడికి కూడెట్టీ మనిసున్నాదా? సంపీసినోడికి ఏటి కావాలో పద్నాలుగు గడులెట్టి అడుగుతారు. కొడుకుని పోగొట్టుకున్నదానికి ఏటి కావాలో అడిగిన గడి ఒక్కటైనా ఉన్నాదేట్రా మీ కాయితంలో?

నేదు కదా. అయితే నానే సెప్తాను, రాసుకో. ఆడు ఆ గోడల మద్దిని ముసిలోడైపోవాల. ఆడి తల్లి గుమ్మంలో కూకోని రోడ్డు కేసి సూసి సూసి కళ్ళు కాయలు కాసిపోవాల. నా బెన్హర్ గోసం నాను సూసినట్టు ఆవిడ సూడాల. రాడని తెలిసీ సూడాల. నాకు కావలిసినాది అదే. ఇంకోటి అక్కర్లేదు.

పార్థన సేసుకోమంటావా? సేస్తన్నాను. ఏటని సేస్తన్నానో ఆ దేవుడికి తెలుసు.

ఉజ్జోగం సేసుకో. నాకు మరి ఉత్తరం రాయకు.

ఏసమ్మ.


విజయనగరం,
20-9-2015.

అప్పకి,

రాయకు అన్నావు. అయినా రాస్తున్నాను. ఇది మూడోది, ముందు రాసిన రెండూ నువ్వు విప్పావో లేదో తెలియదు.

నీ ఉత్తరం నా సొరుగులో ఉంది. రోజూ తీసి చదువుతున్నాను. నువ్వన్నది నిజమే, ఆ గడి లేదు. ఇరవై ఏళ్ళ నుంచి ఆ కాగితం నింపుతున్నాను, అది లేదని ఒక్కసారీ నాకు తట్టలేదు. సిగ్గుగా ఉంది.

మా చర్చి సంఘంలో నూకయ్య టెక్కలి వస్తున్నాడు. అతని చేతికి కొత్త ఫోన్ ఇచ్చి పంపుతున్నాను. నంబరు పాతదే. తిట్టడానికైనా ఒక్కసారి ఫోన్ చెయ్యి. నీ గొంతు వినకుండా నాకు ఏమీ తోచడం లేదు.

సీమోను.


నౌపడ,
25-10-2015, ఆదివారం.

తమ్ముడు సీమోనుకి అప్ప ప్రేమతో రాయునది.

ఫోన్ అందింది. మంచి ఫోను, బాగా వినపడుతోంది. కానీ ఉత్తరం అలవాటైపోయింది, మనసులో మాట ఇందులోనే చక్కగా వస్తోంది. ఫోన్‌లో మాట్లాడితే మొత్తం వీధికి వినబడేలా అరుస్తానని నీకు తెలుసు కదా.

నీ మీద కోపం పోయింది. ఏదో కడుపుమంటలో రాశాను, మనసులో పెట్టుకోకు. ఇప్పుడు చెప్పేది విను, కూర్చున్నావా?

మీ షాలిని మంగళవారం వచ్చింది. సన్నగా ఉంది పిల్ల, ఎండకి కమిలిపోయింది. మజ్జిగ ఇచ్చాను. ఎలా మొదలెట్టాలో తెలియక కాగితాలు అటూ ఇటూ తిప్పుతోంది. నేనే అన్నాను, "అతను వస్తే రానీ అమ్మా, మాకు అభ్యంతరం లేదు. పని కావాలంటే నా మడిలోనే ఇస్తాను" అని. ఆ పిల్ల కలం కింద పడేసింది. "నిజంగానా అమ్మా?" అని రెండుసార్లు అడిగింది. సంతకం కూడా పెట్టాను.

ఇవాళ చర్చిలో కోత పండగ. నేను ఏటా తెచ్చినట్టే బుట్టెడు ఉప్పు తెచ్చి బల్ల దగ్గర పెట్టి, సాక్ష్యం చెప్పడానికి లేచాను. గంగరాజుని నా ఇంటి మనిషిలా చూస్తానని సంఘం ఎదుట చెప్పాను. ఆడవాళ్ళందరూ ఏడ్చారు. కూర్మమ్మ అయితే నన్ను పట్టుకుని వదల్లేదు.

అసిరమ్మకి కూడా గంజి పోస్తున్నాను. ఎదురు వరసలో నాలుగో ఇల్లు, ఎంత దూరం? డెబ్భై ఐదు దాటాయి, ఈమధ్య కళ్ళు మరీ ఆనడం లేదు. మొదటి రోజు గిన్నె పట్టుకెళ్తే భయపడి గోడకి అతుక్కుపోయింది. ఇప్పుడు నా అడుగు చప్పుడు విని, "ఏసమ్మా, వచ్చీసినావా?" అంటోంది.

నీకు సంతోషమే కదా?

అప్ప.


విజయనగరం,
31-10-2015.

బంగారం లాంటి మా అప్పకి,

సంతోషమా అని అడుగుతావేం! ఉత్తరం చదివి ఆఫీసులో అందరి ముందూ ఏడ్చేశాను. అటెండరు మంచినీళ్ళు తెచ్చి, ఊళ్ళో ఎవరైనా పోయారా సార్ అన్నాడు. కాదు, మా అప్ప బతికింది అన్నాను. పాపం అతనికి ఏమీ అర్థం కాలేదు.

ప్రిస్కిల్లాకి చదివి వినిపించాను. "మీ అప్ప అంత తేలిగ్గా మెత్తబడే మనిషి కాదే!" అంది. దాని నోరు నీకు తెలుసు కదా, పట్టించుకోకు. నిన్ను నేనెరిగినంత అదెరుగుతుందా?

అమ్మ పోయినప్పుడు నీకు పదమూడేళ్ళు. మన పెద్దమ్మ మనల్ని వేరుచేసి నన్ను తీసుకుపోతానంటే, నన్ను చంకనెత్తుకుని దిబ్బ మీదకెళ్ళి కూర్చున్నావు, రాయి పట్టుకుని. ఆ రాయి ఇన్నాళ్ళకి కింద పెట్టావు అనిపించింది.

మడుల పని ఎప్పుడు మొదలు? క్రిస్మస్‌కి తప్పకుండా వస్తాం. కొత్త చీర కొంటున్నాను, రంగు బాగోలేదనకు. ఒక్కసారి ఫోన్ చెయ్యవూ?

సీమోను.


నౌపడ,
22-11-2015.

తమ్ముడూ,

చీర నీలం రంగుదైతేనే కొను.

విడుదల జనవరి ఇరవై ఆరున అంటున్నారు. ఉప్పు పంటకి ముందు మడులు తొక్కి చదును చేసే పని కూడా అప్పుడే. కొన్ని సంగతులు నీకు తెలిసే ఉంటాయి, అందుకే అడుగుతున్నాను. విశాఖ జైలు నుంచి వాడిని ఏ వేళకి వదులుతారు? బస్సుకి వస్తాడా, రైలుకి వస్తాడా? వెంట పోలీసులు ఇంటిదాకా వస్తారా, లేక గేటు దగ్గరే వదిలేస్తారా? వచ్చాక ఎన్నాళ్ళకి ఒకసారి చూసిపోతారు?

తూర్పు చివర మడి దగ్గర పాక ఉంది కదా, దానికి తాటాకు వేయించాను. వాడికి అక్కడే పని చెప్తాను. ఆ వైపు మనుషులు తిరగరు, ప్రశాంతంగా ఉంటుంది. మొదటి రోజు కూలీలు ఎవరినీ పిలవను, నేనొక్కదాన్నే తీసుకెళ్తాను.

అటక మీద బెన్హర్ పార ఉంది కదా. వాడు పోయాక ఎవరూ ముట్టుకోలేదు. దింపాను. అంతా తుప్పు. కొలిమి దగ్గరకి తీసుకెళ్ళి, అంచు సాగదీయించి కొత్త కర్ర వేయించాను. కమ్మరి దాని మీద బొటనవేలు ఆనించి, "మట్టి పనికి ఇంత పదునెందుకమ్మా?" అన్నాడు. నవ్వి, కూలి డబ్బులు చేతిలో పెట్టాను.

అసిరమ్మ కొడుకు కోసం ఇల్లు అలుకుతోంది. కళ్ళు కనబడక అలికిన చోటే మళ్ళీ అలుకుతోంది.

జవాబు తొందరగా రాయి.

అప్ప.


విజయనగరం,
30-11-2015.

అప్పా,

పోలీసులు ఇంటిదాకా రారు అని రాయబోయి ఆగిపోయాను.

నిన్నటి నుంచి పదకొండుసార్లు ఫోన్ చేశాను. మోగుతోంది, నువ్వు ఎత్తడం లేదు. అందుకే సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఆ పార ఎందుకు? పోలీసులు వస్తారో రారో నీకెందుకు? మనుషులు తిరగని చోట వాడికి పనేమిటి?

ఈ ఉద్యోగంలో ఇలాంటి ప్రశ్నలు చాలామంది దగ్గర విన్నాను. అడిగినవాళ్ళ మొహాలు కూడా గుర్తున్నాయి. అందులో మా అప్ప మొహం పెట్టుకోలేక చస్తున్నాను. అదంతా నీ ఊహ తమ్ముడూ అని ఒక్క మాట రాయి, నేను నా చెంపలు వాయించుకుంటాను.

సీమోను.


నౌపడ,
9-12-2015.

సీమోనూ,

నీకు అర్థమైందనే అనుకున్నాను. కోత పండగ ఉత్తరానికి నువ్వు అంత సంబరపడితే, లోపల తెలిసే పైకి అలా రాశావనుకున్నాను. తెలియలేదా? అయితే విను.

చివర మడి, గుర్తుందా? బెన్హర్ పడింది అక్కడే. గంగరాజు ఆ మడిలో దిగి వంగుతాడు. వాడు వంగినప్పుడు నేను వెనక గట్టు మీద ఉంటాను, బెన్హర్ పార నా చేతిలో ఉంటుంది. యాభై ఐదేళ్ళొచ్చినా ఉప్పు లాగిన చేతులివి. ఒక్క దెబ్బ చాలు. తర్వాత పార కడుగుతాను. టీ కొట్టుకెళ్తాను. వాడు రెండు తాగాడు, నేను ఒక్కటి తాగి స్టేషన్‌కి వెళ్తాను.

మీవాళ్ళు వాడికేం కావాలో అడిగారు కదా. ఇల్లు, పని, ఆదరించే మనిషి. మూడూ నేనే ఇచ్చాను. మీ కాగితం నిండింది, వాడు బయటకొస్తాడు. మీరు వాడిని లోపలే ఉంచకపోతే నేనేం చెయ్యను?

నువ్వు నా తమ్ముడివి. నా చేతి ముద్దలు తిని పెరిగావు. ఇది చదివి పొయ్యిలో పెట్టు. ఎవరికీ చూపించకు. నా మీద ఒట్టు.

ఏసమ్మ.


విజయనగరం,
28-12-2015.

అప్పకి,

క్రిస్మస్‌కి మేం ఎందుకు రాలేదో నీకు ఈపాటికి తెలిసి ఉంటుంది. అయినా ఎవరో చెప్పగా కాకుండా నేనే చెప్పాలి.

నీ ఉత్తరం మూడు రోజులు బైబిలు కింద ఉంచాను. రెండుసార్లు పొయ్యి దాకా తీసుకెళ్ళాను. రెండుసార్లూ ప్రిస్కిల్లా పొయ్యి పక్కనే నిలబడి చూసింది. నాలుగో రోజు పొద్దున్న బస్సెక్కి శ్రీకాకుళం కాంప్లెక్సులో దిగాను. షాలిని ఎదుట కూర్చుని నీ ఉత్తరాలు, ఆగస్టు నుంచి వచ్చినవన్నీ, వరసగా పెట్టాను. ఇవి రాసింది మా అప్ప, ఈ చేతిరాత నేనెరుగుదును అని వాంగ్మూలం రాసి సంతకం పెట్టాను. నేను రాస్తున్నంతసేపూ ఆ అమ్మాయి కాగితం కదలకుండా పట్టుకుంది.

షాలిని నీ పాత సంతకం కాగితం తీసి పక్కన పెట్టి, పద్నాలుగో గడిలో 'ఉంది' అని రాసింది. గంగరాజు ఈసారి రాడు. నిన్ను తహశీల్దారు ఆఫీసుకి పిలుస్తారు, ఏడాదిపాటు ఎవరి జోలికీ వెళ్ళనని బాండు రాయించుకుంటారు. వయసు చూసి అంతటితో వదలమని నేను బతిమాలాను.

ఇరవై ఏళ్ళలో ఎంతోమంది గురించి 'ఇతని వల్ల ప్రమాదం ఉంది' అని రాశాను. చివరికి నన్ను పెంచినదాని మీద రాయించాను. నువ్వు నా మొహం చూడకు. చూడమని అడిగే మొహం కూడా నాకు లేదు. కానీ నువ్వు జైలుకి పోకుండా ఉండటానికి నాకు ఇంకో దారి తెలియలేదు.

చీర నీలం రంగుదే కొన్నాను. బీరువాలో ఉంది.

సీమోను.


నౌపడ,
24-1-2016, ఆదివారం.

ఒరే పిచ్చి నాగన్నా, ఏడవకు.

నిన్న తహశీల్దారు ఆఫీసుకి వెళ్ళొచ్చాను. గుమస్తా బాండు చదివి వినిపించాడు, శాంతంగా ఉంటానట, ఎవరికీ హాని చెయ్యనట. "అర్థమైనాదా మామ్మా?" అన్నాడు. "అయినాది బాబూ, యాడ పెట్టాల?" అని చక్కగా, పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను. బయటకొచ్చి టీ తాగాను. రెండు తాగాను.

నీకింకా తెలియలేదా? ఆగస్టులో నిన్ను ఒక్క మాట అడిగాను, వాడిని బయటకి రానివ్వొద్దని. నువ్వు ఉద్యోగం, నిజం, చూడనిది రాయను అని పాఠం చెప్పావు. ఆ పాఠంలోనే పద్నాలుగో గడి సంగతి కూడా చెప్పావు. రుజువుంటే ఫైలు మూసేస్తారని నువ్వే రాశావు. కోపంలో మొదటిసారి నాకు కనబడలేదు. సెప్టెంబరులో ఆ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు కనబడింది.

నా గొంతుతో, చంపుతాను అని షాలిని ఎదుట అరిస్తే ఏమయ్యేది? కన్నకడుపు, పాపం ఏదో అంటోంది అని పక్కన పెట్టేసేవాళ్ళు. రుజువు కావాలి. అందుకే ముందు క్షమించాను, అందరి ముందూ, చర్చిలో. అలా క్షమించిన మనిషి లోపల పార నూరుతోందని తెలిస్తే గానీ మీకు భయం పుట్టదు. దేవుడి ఎదుట అబద్ధమాడిన పాపం నాదే, అది ఆయనా నేనూ చూసుకుంటాం. ఇక ఫోన్ ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు తెలిసిందా? ఫోన్‌లో అన్న మాట ఫైల్లో పెట్టలేవు కదరా. పొయ్యిలో పెట్టమని ఒట్టు కూడా పెట్టాను. జామకాయల నాటి తమ్ముడు ఒట్టు కోసం నోరు మూసుకుంటాడా? నువ్వు చెయ్యెత్తి చెబుతావని నాకు తెలుసు. ఈసారి కూడా దెబ్బ నేనే తిన్నాను, కానీ ఈసారి కావాలని తిన్నాను.

అయితే నిజంగా చంపేదానివా అప్పా అని నువ్వు అడుగుతావు. ఆ గడి నింపడం నాకూ రావడం లేదు. కమ్మరి దగ్గర పార అంచు చూసినప్పుడు నా చేతులు వణకలేదు, అంతవరకే తెలుసు.

అసిరమ్మకి కబురు నేనే చెప్పాను. గంజి పోస్తూ చెప్పాను. "ఏటమ్మా, ఎల్లుండి కాదేటి?" అంది. కాదు, కాయితం ఆగిపోయినాది అన్నాను. "ఎవులాపీసినారమ్మా?" అంది. నేను గిన్నె ఆమె చేతికి అందించాను. తాగి, గిన్నె కింద పెట్టింది. నా చెయ్యి వెతుక్కుని పట్టుకుని, "నువ్వున్నావు, అదే సాలు" అంది. జాలి కలగలేదా అంటే, కలిగింది. అయినా హాయిగా ఉంది. రెండూ ఒక్కసారే వచ్చాయి, నన్నేం చెయ్యమంటావు? ఇప్పుడు ఆమె గుమ్మంలో కూర్చుని కనబడని రోడ్డు వైపు చూస్తోంది. నేను నా గుమ్మంలో కూర్చుని ఆమెను చూస్తూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు. నిజమే రాశావు. ఆ చీర పట్టుకుని ఇద్దరూ రండి, కాకరకాయ పులుసు పెడతాను. ప్రిస్కిల్లాకి చెప్పు, ఈ ఇంట్లో నన్ను సరిగ్గా ఎరిగింది అదొక్కతే అని.

ఆగస్టులో మళ్ళీ జాబితా వస్తుందట. బాండు కూడా ఏడాదికి తీరిపోతుంది. పారకి నూనె రాసి అటక మీద పెట్టాను. నువ్వు పంపిన ఫోను బాగా పనిచేస్తోంది. అయినా నేను ఉత్తరమే రాస్తాను.

నీ అప్ప,
ఏసమ్మ.